ముక్కు మార్చకుండా రాజకుమారి

ఒక మనిషి ఫోటో తీసుకుని, దాని మీద ఫోటోషాప్‌లోనో క్రీటాలోనో రంగులు వేసి, ఆ మనిషిని రాజకుమారిగానో మాంత్రికుడిగానో మార్చిన పోర్ట్రెయిట్లు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో డబ్బులు తీసుకుని వేసిచ్చేవాళ్ళున్నారు. మా దొరవారిసత్రం వైపు ఇదే పని ఫ్లెక్సీల్లో జరుగుతుంది. పుట్టినరోజు కుర్రాడి తలకి కిరీటం, వెనక సింహం, పైన మెరుపులు. వీటి గురించి మాట మొదలైతే వచ్చే ప్రశ్న ఒకటే: ఫోటో మీద వేస్తే అది బొమ్మ అవుతుందా, కాపీ కాదా?

ఆ ప్రశ్న పాతబడి చాలా కాలమైంది. రాజా రవివర్మ పోర్ట్రెయిట్లకి ఫోటోల సాయం తీసుకున్నవాడే. 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి ఆయన అచ్చు వేయించిన దేవతల ముఖాలు, ఎక్కడో ఉన్న మనుషుల ముఖాల్లోంచి వచ్చినవే. కాబట్టి ఫోటో వాడారా లేదా అన్నది కాదు, ఫోటోలోంచి ఏది ఉంచారు, ఏది చెరిపేశారు అన్నది అడగాలి.

దీనికి మనకి దగ్గరి ఉదాహరణ 'మాయాబజార్'. 1957లో నలుపు తెలుపుల్లో వచ్చిన సినిమాకి హైదరాబాద్ సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది, 2010 జనవరి 30న విడుదల చేసింది. ఒకరకంగా చూస్తే అది ఫ్రేము తర్వాత ఫ్రేముగా, ఫోటోల మీద వేసిన ఫాంటసీ పోర్ట్రెయిట్ల వరస. కృష్ణుడి నీలం ఎంత నీలం? ఘటోత్కచుడి పట్టుబట్టలది ఏ రంగు? అంతవరకూ ప్రేక్షకుడి ఊహకి వదిలేసిన ప్రతిదాన్నీ ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సొచ్చింది.

ఆ రంగులు అందరికీ నచ్చాలని లేదు. కొన్నిచోట్ల నాకూ క్యాలెండర్ గుర్తొచ్చింది. అయినా బొమ్మ కూలిపోలేదు, ఎందుకు? లేయర్లతో పనిచేసేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. కింద లేయర్‌లో వెలుగునీడలు ఉంటాయి, పై లేయర్ రంగు మాత్రమే ఇస్తుంది. కిందనున్నది మార్కస్ బార్‌ట్లే వెలుగు. ఏ ముఖం మీద ఎంత వెలుతురు పడాలో, వెన్నెల ఎక్కడ ఆగాలో ఆయన ముందే ఆలోచించి పెట్టాడు. పైన ఏ రంగు పడినా ఆ ఆలోచన చెక్కుచెదరదు.

ఫ్లెక్సీ రాజు తేలిపోయేది ఇక్కడే. కింద ఉన్నది మిట్టమధ్యాహ్నం ఎండలోనో ఫోన్ ఫ్లాష్‌లోనో తీసిన సెల్ఫీ. పైన వేసిందేమో కాగడాల కోట. కాగడా ఎడమవైపు మండుతుంటే బుగ్గ కుడివైపు మెరుస్తుంది. కిరీటం నీడ నుదుటి మీద పడదు. ఎంత సన్నని బ్రష్‌తో వెంట్రుకలు గీసినా ఆ కిరీటం అతికించినట్టే ఉంటుంది. వెలుగుని కొత్తగా వెయ్యకపోతే కొత్త లోకం రాదు.

సరే, వెలుగు నేర్చుకుంటే వస్తుంది. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ముఖానికి చేసే రిపేరు. అమ్మాయిని రాణిని చెయ్యమంటే ముందు రంగు రెండు షేడ్లు తేలుతుంది, ముక్కు సన్నబడుతుంది, దవడ కోసుకుపోతుంది. ఆ తర్వాతే నగలు. అంటే ఉన్న ముఖంతో రాణి కావడం కుదరదని బొమ్మ ముందే తీర్పు చెప్పేసింది. ఉప్పుగాలిలో, పులికాట్ ఎండలో పెరిగిన నలుపు ఫాంటసీకి పనికిరాదా? 'క్లయింట్లు అడిగేదే అది' అంటారు. నిజమే కావచ్చు. కానీ వేరేలా వేసి చూపించకపోతే వాళ్ళు వేరేది ఎలా అడుగుతారు?

మళ్ళీ 'మాయాబజార్' దగ్గరికే వెళ్దాం. ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేసుకున్నప్పుడు సావిత్రి ముఖానికి ఎవరూ కోరలు పెట్టలేదు. అదే ముక్కు, అవే కళ్ళు. కనుబొమ్మ ఎగరేసిన తీరులో, నడకలో, నవ్వులో రాక్షసుడు కనిపిస్తాడు. ఎస్.వి. రంగారావు భారీ విగ్రహాన్ని సన్నగా చెయ్యాలని కూడా ఎవరికీ అనిపించలేదు. గద, కిరీటం, చుట్టూ ఉన్న లోకం అన్నీ ఆయన కొలతకి పెరిగాయి. మనిషిని అలాగే ఉంచి లోకాన్ని మార్చడం అంటే ఇదే.

ఇప్పుడు ఏఐ యాప్‌కి ఫోటో ఇస్తే నిమిషంలో యోధుడి బొమ్మ ఇస్తోంది. తళతళలాడే కవచం విషయంలో దానితో పోటీపడి లాభం లేదు. కానీ అదీ చాలాసార్లు ముఖాన్ని నునుపు చేసి, అందరికీ సరిపోయే ఒకే అందంలోకి తోసేస్తుంది. చేత్తో వేసేవాళ్ళకి మిగిలిన పని ఆ సరాసరికి ఒప్పుకోకపోవడమే. దొరవారిసత్రం అమ్మాయికి మంచుకోట ఎందుకు? పక్కనే నేలపట్టు ఉంది. నీళ్ళలో నిలబడ్డ చెట్లు, వాటి మీద గూళ్ళు కట్టుకునే గూడబాతులు ఉన్నాయి. ఆ రెక్కల్లోంచి ఒక కవచం రాదా? సాయంత్రం పులికాట్ నీళ్ళ మీది వెలుగు ఆ బుగ్గ మీద పడితే ఎలా ఉంటుందో ఎవరైనా వేసి చూశారా?

ఈ బొమ్మలకి నేను పెట్టే పరీక్ష చిన్నది. పేరు చెప్పకుండా బొమ్మని వాళ్ళమ్మకి చూపించండి. కిరీటం, రెక్కలు, మంత్రదండం ఎన్నున్నా సరే, ఆవిడ చూడగానే "ఇది మా పిల్లే" అనాలి. "ఎవరమ్మా ఈ పిల్ల, భలే ఉంది" అంటే మాత్రం ఆ బొమ్మ పిల్లని పొగిడినట్టు కాదు.