చెవితో చదువువారు

1998లో మాదాపూరున సైబర్ టవర్స్ తలయెత్తిన నాఁటినుండి అద్దాల మేడలతో చూచువారి కన్నులను మిఱుమిట్లు గొలుపుచున్న హైటెక్ సిటీలో, కన్నులతో నిమిత్తము లేక సాగు వృత్తి యొకటి కలదు. అది సాఫ్ట్‌వేరును చెవితో విని తప్పులు పట్టు అంధ పరీక్షకుల వృత్తి.

మౌసు వారికక్కఱ లేదు. ట్యాబ్ మీట నొక్కినకొలఁది తెరమీఁది యక్షరములు, అలవాటు లేనివారికి వడగండ్లవాన వలెఁ దోఁచు వేగముతో, ఇయర్‌ఫోనులో మాటలై రాలుచుండును. “పేరు, వ్రాయు గడి, ఖాళీ” అని వినఁబడినంతవఱకు సరియే. తెరమీఁద పేరు పెట్టని మీట యొద్ద మాత్రము గొంతు “బటన్” అని యూరకుండును. అది డబ్బు పంపునదో, రద్దు చేయునదో? ఆ మౌనమును పట్టి, “పంపుము” అను పేరును ప్రోగ్రాములో వ్రాయించుటయే వీరి నేర్పు.

తెరను చదివి వినిపించు సాధనమును వేలకొలఁది రూపాయలు పోసి కొనవలసిన కాలమున, ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధ యువకుఁడు 2006లో ఎన్‌వీడీఏ అను అట్టి సాధనపు రచనకుఁ బూని, దానిని లోకమునకు ఉచితముగా నిచ్చెను. దానితో వచ్చు ఈస్పీక్ గొంతు తెలుఁగును సైతము పలుకును. అది యంత్రపు యాసయే యైనను అర్థము చెడదు. 1951లో స్థిరపడిన, భారతీయ భాషల అంధలిపియైన భారతి బ్రెయిలీలో ఒక్క చుక్కయే అకారమైనట్లు, ఇచట మీటకుఁ బెట్టిన ఒక్క పేరే దారి చూపును.

మేడ కట్టినవానిని ఊరెల్ల మెచ్చును. మెట్టు మెట్టునకుఁ జేయూఁత అమర్చినవానిని మెచ్చుట మన వంతు.