తన్నడం రాని పిల్ల మాటేమిటి?

మొన్న ‘శాకిని డాకిని’ మళ్ళీ చూశాను. 2017 నాటి కొరియా చిత్రం ‘మిడ్‌నైట్ రన్నర్స్’కి 2022లో వచ్చిన తెలుగు రూపం. అక్కడి ఇద్దరు కుర్రాళ్ళూ ఇక్కడ రెజీనా, నివేదా అయ్యారు. పోలీసు శిక్షణలో ఉన్న ఆడపిల్లలు. ఒకరికి శుభ్రం పిచ్చి, ఒకరికి తిండి యావ. మొదటిసారి హాయిగా నవ్వుకున్నాను.

ఈసారి నవ్వు రాలేదు. కళ్ళెదుటే ఒక పిల్లను ఎత్తుకుపోయారని వీళ్ళు పరుగున వెళ్ళి చెప్పినా స్టేషన్ కదలదు. అక్కడ నాకు శంషాబాద్ గుర్తొచ్చింది. 2019 నవంబరులో తొండుపల్లి టోల్‌గేటు దగ్గర ఒక యువతి మాయమైన రాత్రి, కేసు రాసుకోవడంలో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు.

సినిమా మాత్రం ఆ ఆలస్యాన్ని కథకో మలుపుగా వాడుకుని ఫైట్లలోకి దూకేసింది. ఆడపిల్లలూ తన్నగలరని చూపించారు, సంతోషమే. మరి తన్నడం రాని మన పిల్లల కోసం, ఫిర్యాదు వెంటనే రాసుకునే స్టేషన్ని ఎవరు చూపిస్తారమ్మా?