ప్రశ్న ఎవరిది?

పిల్లల మానసిక ఆరోగ్యంపై క్లినికల్ ట్రయల్ అంటే, ఒక గుంపుకి మందో కౌన్సెలింగో ఇచ్చి, ఇవ్వని గుంపుతో పోల్చి చూడటం. ఎలా పోల్చాలో పండితులు చాలానే రాశారు. దేన్ని పోల్చాలో ఎవరు తేల్చారు? పేటల వైపు నుంచి మనం అడగాల్సింది ఇదే.

రెండు అనుభవాలు పక్కపక్కన పెడదాం. మొదటిది మనసుకి సంబంధించింది కాదు, అయినా పాఠం మనదే. 2009లో గోదావరి ఎగువన ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి పాత్ సంస్థ ప్రాజెక్టు కింద గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. చాలామంది హాస్టళ్లలో ఉండే ఆదివాసీ, దళిత పిల్లలు. 2010 ఏప్రిల్లో ఆపేశారు. పిల్లల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. సరే, మరి అనుమతి? పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. కన్నవాళ్లని అడక్కుండా ఇచ్చింది ఎవరి అంగీకారం?

రెండోది పశ్చిమగోదావరి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారి 'స్మార్ట్ మెంటల్ హెల్త్' ఇక్కడి పల్లెల్లో మొదలై, తర్వాత ఈ జిల్లాలోనూ హర్యానాలోనూ 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ట్రయల్‌గా సాగింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. కుంగుబాటు తగ్గిందని 2024లో ఫలితాలొచ్చాయి. మంచిదే. కానీ అది 18 నిండినవాళ్లకే. కుర్రకారు కోసం అదే సంస్థ పెట్టిన ట్రయల్ విజయవాడ, ఢిల్లీ మురికివాడల్లో జరిగింది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగితే, అందులో ఆంధ్రప్రదేశే లేదు. డెల్టా పల్లెలో పిల్ల ఏ లెక్కలో ఉన్నట్టు?

ఒకచోట అడక్కుండా చేర్చారు. ఇంకోచోట చేర్చనేలేదు. రెండు చోట్లా ప్రశ్న తయారైన గదిలో మనం లేం.

మన పిల్లల బాధ ఎక్కడుందో చూడండి. 2017లో గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం తగువు తర్వాత దళితుల్ని వెలివేశారు, కూలిపనులు ఆపేశారు. ఆ ఇళ్లల్లో పిల్లలు అప్పుడేం మోశారో ఎవరు కొలిచారు? కోనసీమలో తల్లి ఇంటిపనికి కువైట్ పోతే పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. కుంగుబాటు కొలిచే ప్రశ్నాపత్రం 'గత రెండు వారాల్లో' ఎలా ఉందని అడుగుతుంది. తల్లి వెళ్లి రెండేళ్లయిన పిల్ల ఏం చెప్పాలి? వెలి అనేది పిల్ల రోగమా, ఊరి రోగమా?

కౌన్సెలింగ్ వద్దని కాదు. నిద్రపట్టని పిల్లకి సాయం ఇవాళే కావాలి. కానీ వెలిని వదిలి పిల్లనొక్కదాన్నే 'బాగుచేసే' ట్రయల్, ఊరి నేరాన్ని పిల్ల మెదడులో వెతుకుతుంది.

ఇది అసాధ్యమేం కాదు. బ్రిటన్లో 2004లో పుట్టిన జేమ్స్ లిండ్ అలయన్స్ రోగుల్నీ, సాకేవాళ్లనీ, వైద్యుల్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ముందు ఏ పది ప్రశ్నలు పరిశోధించాలో తేలుస్తోంది. అయితే ఆ బల్లని మనకి తెస్తే చాలదు. మన దగ్గర బల్లకీ కులముంది. సర్పంచి ఇంటి అరుగు మీద వేస్తే అమ్మమ్మ నోరు విప్పదు. పేటలో వెయ్యాలి. హాస్టల్ పిల్లలు వార్డెన్ లేనప్పుడు మాట్లాడాలి. కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లకి ఆ రోజు కూలి కట్టివ్వాలి. ఫలితాల్ని కులంవారీగా బయటపెట్టాలి.

ఇవి ఒప్పుకున్న తర్వాతే అంగీకార పత్రం పట్టుకుని మన గుమ్మంలోకి రండి.