మజిలీలోని భూతము: విడిదియింటి రహస్యకథపై ఒక పరిశీలనము

భూతగృహము వస్తువుగా గల రహస్య నవలలను మన విమర్శకులు రెండు మాటలతో త్రోసివేయుట పరిపాటి యైనది. అవి పాశ్చాత్యానుకరణములనునది మొదటి మాట. మూఢవిశ్వాసమును పోషించుననునది రెండవది. రెండవ మాటకు బలము కలదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’పై రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అను గ్రంథమునే వ్రాసిరి. ఆ వాదములోనికి నేనిచట ప్రవేశింపను. పరీక్షింపదగినది మొదటి మాట. అందులకై ఈ జాతి నవలలలో ఒక్క శాఖను, అనగా భూతము బాటసారుల విడిదియందుండు కథను, మాత్రము గైకొనుచున్నాను.

స్వగృహములోని భూతమునకు పరిచయ మక్కరలేదు. అది ఆ యింటి ముత్తాతయో, మేనత్తయో అయియుండును. దాని కథ నింటివారందరు నెరుగుదురు. విడిది యట్టిది కాదు. నిన్న వచ్చినవాడు నేడు పోవును. నేడు వచ్చినవానికి నిన్నటి సంగతి తెలియదు. ఇక ఆ గది పూర్వవృత్తాంతము నెవరు చెప్పవలెను? ఈ ప్రశ్నకు రచయిత యిచ్చు సమాధానమే కథాశిల్పమును నిర్ణయించును.

విల్కీ కాలిన్స్ 1878లో ప్రకటించిన ‘ది హాంటెడ్ హోటల్’ ఇందుకు చక్కని లక్ష్యము. మాంట్‌బరీ ప్రభువు వెనిస్ నగరములోని ఒక పాత సౌధమున మరణించినట్లు లోకము నమ్మును. తరువాత ఆ సౌధము హోటలగును. సంబంధము లేని ప్రయాణికు డా గదిలో సుఖముగా నిద్రించును. ప్రభువు తమ్ముడు హెన్రీకి మాత్రము నిద్ర రాదు, ఆకలి కాదు. సోదరికి దుస్స్వప్నములు. మరియొక తమ్ముడు ఫ్రాన్సిస్‌కు భరింపరాని దుర్గంధము. ఒకప్పుడు ప్రభువునకు వాగ్దత్తయైన ఆగ్నెస్‌కు గాలిలో తేలు శిరస్సే కనబడును. వార్త యొక్కటియే, అది యొక్కొక్కరి కొక్కొక తునుకగా నందినది. హోటలు నిర్వాహకుడు చేసిన ప్రతిక్రియ యేమనగా, గది సంఖ్యను 14 నుండి 13ఏ గా మార్చుట! పైగా హెన్రీ ఆ హోటలు కంపెనీలో వాటాదారుడు. భూతమునకును వాటాల వెలకును గల ఈ చుట్టరికమును కాలిన్స్ పెదవి బిగించి నవ్వుచునే చూపినాడు.

ఇందలి కిటుకు స్పష్టము. రచయిత పరాయి విడిదిని బంధువులతో నింపి దానిని మరల ఇల్లుగా జేసినాడు. నేరములో పాలుగొన్న కౌంటెస్సే జరిగినదంతయు నాటకముగా వ్రాసియుంచుట మాత్రము నాకు రుచింపదు. బంధువుల యింద్రియములు కొనసాగింపవలసిన పనిని తుదకొక కాగితముల కట్ట ముగించినది.

కిప్లింగు 1888లో వ్రాసిన ‘మై ఓన్ ట్రూ ఘోస్ట్ స్టోరీ’ మన దేశపు డాకు బంగళా కథ. అందు బంధువులు లేరు. ముసలి ఖాన్సామా యున్నాడు. రాత్రి ప్రక్కగదిలో బిలియర్డు బంతుల చప్పుడు విన్న బాటసారికి, పూర్వమచట బిలియర్డు బల్ల యుండెననియు, దానిమీదనే యొక దొర మరణించెననియు తెలియజేయువాడు ఆతడే. తుదకు ఆ చప్పుడు ఎలుకయు కిటికీ గడియయు చేసినదని తేలును. అనగా భూతమును పుట్టించినది చప్పుడు కాదు, ఖాన్సామా వాక్కు.

ఇప్పుడు మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథల’ను జ్ఞప్తికి దెచ్చుకొందము. మణిసిద్ధుడు గోపకునితో కాశికి బోవుచు మజిలీ మజిలీకిని కథ చెప్పును. గోపకుడు విడిసిన చోట నేదో వింత జూచి, దాని కారణ మడుగును. మణిసిద్ధుడు తన మణిమహిమచే పూర్వవృత్తాంతమును గ్రహించి వినిపించును. పరాయి చోట బాటసారికి గోచరించిన వింత, ఆ చోటి గతము నెరుగవలెనను కోరిక, చెప్పువాడొకడు: విడిదియింటి రహస్యకథకు వలసిన అంగములన్నియు నిచట గలవు. లేనిది సంశయము. మణి యబద్ధమాడదు; ఖాన్సామా యాడవచ్చును. కావున మనము పాశ్చాత్యులనుండి తెచ్చుకొన్నది భూతమును గాదు, మజిలీని గాదు. సాక్షిని శంకించుట నేర్చితిమి. అనుకరణమను మాట ఈ భేదమును మరుగుపరచుచున్నది. ‘తులసిదళం’లో వైద్యమును మంత్రమును ప్రక్కప్రక్కనే నడిపి పాఠకుని ఊగిసలాడించుట ఈ శంకకు చెందినదే. కాని అందు పీడ సోకినది సొంతయింటి పసిపాపకు. విడిది సమస్య యచట లేదు.

ఆ సమస్య కనువైన చోటు మాకు కూతవేటు దూరముననే గలదు. బాచుపల్లిలో నేడు ఉద్యోగులకై వెలసిన వసతిగృహములు, గెస్టుహౌసులు వీథివీథిని గాననగును. గదిలో నిన్నటివరకు నెవరుండిరో నేటివా డెరుగడు, అడుగడు. బంధువు రాడు. యజమాని వేరొక చోట నుండును. కావలివాడును పొట్టచేత బట్టుకొని యే జిల్లానుండియో నిరుడు వచ్చినవాడే; ఖాన్సామావలె పూర్వపు సంగతి యాతడు చెప్పలేడు. కాలిన్స్ ఉపాయముగాని, కిప్లింగు ఉపాయముగాని ఇచట సాగదు. ఇట్టి యింటిని గూర్చి నవల వ్రాయువాడు సాక్షిని బహుశః సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములో, క్రయవిక్రయముల జాబితాలో, ఒకే యేడు రెండుమార్లు చేతులు మారిన స్థలపు సర్వే సంఖ్య ప్రక్కన వెదకుకొనవలసియుండును.