డర్బీఫీల్డ్ కాదు, డర్బర్‌విల్!

థామస్ హార్డీ 1891 నాటి ‘టెస్’ నవల ఒక ఇంటిపేరుతో మొదలవుతుంది. ఊళ్లు తిరిగి చిల్లర బేరం చేసుకునే జాక్ డర్బీఫీల్డ్‌ను దారిలో ఒక పాదిరి ‘సర్ జాన్’ అని పలకరిస్తాడు. మీది నార్మన్ వీరుల డర్బర్‌విల్ వంశమయ్యా, జనం నోళ్లలో నలిగి డర్బీఫీల్డ్ అయిందంటాడు. డోర్సెట్‌లో టర్బర్‌విల్ వంశం నిజంగానే ఉండేది. బేర్ రీజిస్ చర్చిలో వాళ్ల సమాధులున్నాయి.

ఒక్క మాట నుంచి హార్డీ కథను అల్లుకొచ్చిన తీరు చూడండి. వంశం మత్తులో జాక్ తాగి పడుకుంటాడు. తేనెటీగల గూళ్లు సంతకు చేర్చాలి గనుక చీకటితోనే కూతురు టెస్ బండి తోలుతుంది, కునుకు తీస్తుంది. ఎదురొచ్చిన టపా బండి నొగ మొన గుర్రం రొమ్ములో దిగబడుతుంది. ఆ పిల్ల గాయానికి చెయ్యి అడ్డుపెడితే మొహం నుంచి లంగా దాకా నెత్తురు చిమ్ముతుంది. కూడుపెట్టే గుర్రాన్ని పోగొట్టానన్న బాధతోనే ‘బంధువుల’ గడప తొక్కుతుంది. ఆ బంధువులెవరు? సైమన్ స్టోక్ అనే వర్తకుడు డబ్బు గడించాక, అంతరించిన వంశాల చరిత్రలు తిరగేసి డర్బర్‌విల్ పేరు తగిలించుకున్నాడు. అతని కొడుకే ఆలెక్. అసలు వారసురాలికేమో నలిగిన పేరు, చుట్టరికమే లేని ఆలెక్‌కు నిగనిగలాడే పేరు!

ప్రేమించిన ఏంజెల్ కూడా ఇకనుంచి పేరు సరిగ్గా రాసుకోమంటాడు. టెస్‌కు పాత పేరే ఇష్టం. పెళ్లిరాత్రి, ఆలెక్ చేతిలో మోసపోయిన ఆమె గతం విన్నాక, అదే వంశాన్ని ఎత్తిపొడుస్తాడు.

నా గుండె పిండేసే చోటు శాండ్‌బోర్న్ పట్నం. వదిలేసిన భార్యను వెతుక్కుంటూ వచ్చిన ఏంజెల్, పొద్దున్నే ఎదురైన తపాలా జవానును అడుగుతాడు. డర్బీఫీల్డా? అలాంటి పేరే వినలేదు. ఇంకో జవాను ‘ది హెరాన్స్’లో డర్బర్‌విల్ అని ఒకరున్నారంటాడు. అసలు పేరు పెట్టుకుందని ఏంజెల్ సంబరపడతాడు! అది ఆలెక్ పేరని మనకు చప్పున తడుతుంది, అతనికి తట్టదు. తలుపు తీసిన ఇంటావిడ ‘మిసెస్ డర్బర్‌విలా?’ అంటే, పెళ్లయిన మనిషిగానే చెలామణి అవుతోందని మళ్లీ సంతోషిస్తాడు. హార్డీ పక్కన నిలబడి ఒక్క నిట్టూర్పు కూడా విడవడు. ఒక మనిషి సంతోషాన్ని రెండుసార్లు చూపించి ఇంత కరుణ ఒలికించిన ఘట్టం నేను మరెక్కడా చదవలేదు.