పసిబిడ్డను ఎత్తుకునేది ఎవరు? – ‘హిట్ రిఫ్రెష్’ మళ్లీ చదివాక

సత్య నాదెళ్ల ‘హిట్ రిఫ్రెష్’ 2017లో వచ్చినప్పుడు రెండు రాత్రుల్లో చదివేశాను. సాహిత్య కారణాలేమీ లేవు. మాది గాండ్లపెంట. ఆయన తండ్రి బి.ఎన్. యుగంధర్‌ది ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే బుక్కాపురం. ఆ ‘బి’ ఊరి పేరే. ‘మనోడు’ అన్న మురిపెంలో చదివిన పుస్తకాన్ని విమర్శకుడిగా చదవడం కష్టం. నేనూ చదవలేదు. ఆఫీసులో అందరితో పాటు ‘గ్రోత్ మైండ్‌సెట్’ అనే మాట పట్టుకుని తిరిగాను, అంతే.

ఈమధ్య మళ్లీ తీశాను. మా టీముకి ఒక డాష్‌బోర్డు వచ్చింది. ఏఐ అసిస్టెంటుని వారంలో ఎవరెన్నిసార్లు వాడారో అందులో కనిపిస్తుంది. తక్కువ వాడితే ఎరుపు, ఎక్కువ వాడితే పచ్చ. దాన్ని చూపించిన స్లైడు మీద పెద్దక్షరాలతో ఉన్నది ఈ పుస్తకం నుంచి ఊరేగిన మాటే: అన్నీ తెలిసినవాడిలా కాదు, అన్నీ నేర్చుకునేవాడిలా ఉండు. ఆ మాట పుట్టినచోట ఎలా ఉండేదో చూడాలనిపించింది.

పుట్టినచోట బాగానే ఉంది. పుస్తకంలో మంచి పేజీలన్నీ మొదట్లోనే ఉన్నాయి. ఉద్యోగం కోసం వెళ్లిన సత్యని రిచర్డ్ టెయిట్ అనే మేనేజరు అడుగుతాడు: రోడ్డు మీద పసిబిడ్డ పడి ఏడుస్తోంది, ఏం చేస్తావు? ఇదేదో ఇంటర్వ్యూ చిక్కుప్రశ్న అనుకుని ఆలోచించి, 911కి ఫోన్ చేస్తానంటాడు సత్య. ఏడుస్తున్న బిడ్డని ముందు ఎత్తుకోవాలయ్యా అని చెప్పి సాగనంపుతాడు టెయిట్. తర్వాత 1996లో కొడుకు జైన్ సెరిబ్రల్ పాల్సీతో పుడతాడు. మనకే ఎందుకిలా అని తండ్రి కుంగిపోతుంటే, తల్లి అను బిడ్డని కారులో వేసుకుని థెరపీలకు తిరుగుతుంటుంది. అది చూసి నేర్చుకున్నానంటాడు. ఐసీయూలో కొడుకు పక్కన కూర్చుని, చుట్టూ ఉన్న యంత్రాలు నడిచేది విండోస్ మీదేనని గమనించే చోట మాత్రం ఏ కార్పొరేట్ పుస్తకమూ కదిలించనంతగా కదిలించాడు. (జైన్ 2022లో చనిపోయాడు. ఆ పేజీలు ఇప్పుడు చదవడం ఇంకా కష్టం.)

తర్వాతి అధ్యాయాల్లో ‘నేను’ తగ్గి ‘మేము’ వస్తుంది, భాష చదునైపోతుంది. గ్రెగ్ షా, జిల్ ట్రేసీ నికల్స్ అని ఇద్దరు సహరచయితలున్న పుస్తకం, ఆ చేతులు కనిపిస్తాయి. కానీ వాదన స్పష్టం. ఆయన 2014 ఫిబ్రవరిలో బాధ్యత తీసుకునేనాటికి మైక్రోసాఫ్ట్ విభాగాలు ఒకదాని మీద ఒకటి తుపాకులు గురిపెట్టి ఉన్నట్టు మను కార్నె వేసిన కార్టూన్ లోకమంతా నవ్వుకుంటూ చూసింది. ఉద్యోగులను ఒకరితో ఒకరిని పోల్చి వరసలు కట్టే ర్యాంకుల పద్ధతిని 2013 నవంబరులోనే తీసేశారు గానీ ఆ అలవాట్లు అంత తొందరగా పోయేవి కావు. సీఈఓలో ‘సీ’ అంటే కల్చరే అంటాడు సత్య. ఆ కల్చర్‌కి వేరు సహానుభూతి అంటాడు. ఏఐ గురించిన అధ్యాయంలోనూ అదే పునాది: యంత్రాలు ఎంత ఎదిగినా మనిషి దగ్గర ఉండి తీరాల్సిన వాటిలో మొదటిది సహానుభూతి.

మొదటిసారి ఇక్కడ అండర్‌లైన్ చేశాను. ఈసారి అదే పేజీ దగ్గర ఆగిపోయాను. ఈ సహానుభూతి ఎటునుంచి ఎటు పారుతోంది? దాదాపు ప్రతిసారీ పైనుంచి కిందికే. నాయకుడు వింటాడు, నాయకుడు అర్థం చేసుకుంటాడు, నాయకుడు మారతాడు. కిందనున్నవాడు వద్దంటే ఏమవుతుందన్నది పుస్తకంలో ఎక్కడా రాదు. ఒక్కచోట వస్తుంది. 2014 అక్టోబరులో గ్రేస్ హాపర్ మహిళల సదస్సులో, జీతం పెంచమని అడగక్కర్లేదు, వ్యవస్థ మీద నమ్మకముంచితే చాలన్నాడు. వేదిక మీదే మరియా క్లావీ కాదన్నారు. ఆయన ఆరోజే తప్పు ఒప్పుకున్నాడు, పుస్తకంలోనూ దాచలేదు. ఇందులో నాకు బాగా నచ్చిన నిజాయితీ అది. కానీ కాదన్నదెవరు? మైక్రోసాఫ్ట్ డైరెక్టర్ల బోర్డు సభ్యురాలు. కాదనగలిగే కుర్చీలో కూర్చున్న మనిషి.

ఏఐ వచ్చాక ఈ లోటు పుస్తకం దాటి బయటికొచ్చింది. 2023 జనవరి 18న 10,000 మంది ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించారు. అయిదు రోజులకు ఓపెన్‌ఏఐతో కొత్తగా వందల కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించారు. ఆ మార్చిలో ఏఐ ఉత్పత్తుల నైతికత చూసే ఒక టీముని తీసేసినట్టు బయటికొచ్చింది. బాధ్యతాయుత ఏఐ కార్యాలయమైతే కొనసాగింది, అది చెప్పకపోతే అన్యాయం. 2025లో మళ్లీ 15,000కు పైగా ఉద్యోగాలు పోయాక, జులై 24న ఉద్యోగులకు సత్య ఒక ఉత్తరం రాశాడు. కంపెనీ అన్ని కొలతల్లోనూ వెలిగిపోతోంది, అయినా మనుషుల్ని పంపుతున్నాం, ఇది తన మనసు మీద బరువుగా ఉందని ఒప్పుకుంటాడు. ఆ వైరుధ్యాన్ని విజయంలోని చిక్కుముడి అంటాడు. పాతది మరిచి కొత్తది నేర్చుకోవాలంటాడు. నేర్చుకునేవాడి మాట అక్కడా ఉంది.

మాట అదే, బరువు మాత్రం చేతులు మారింది. 2014లో నేర్చుకోవాల్సింది కంపెనీ. ఇప్పుడు నేర్చుకోవాల్సింది ఉద్యోగి, నేర్చుకోలేకపోతే పోవాల్సిందీ ఉద్యోగే. నేర్చుకున్నా ఉంటాడన్న హామీ ఆ ఉత్తరంలో లేదు. ర్యాంకులు పోయాయని సంబరపడ్డ మా తరానికి ఎరుపూ పచ్చా వచ్చాయి. మా టీములో కొందరు పచ్చ కోసం వేరియబుల్ పేర్లు మార్చమని అసిస్టెంటుని రోజుకి పదిసార్లు అడుగుతున్నారు. అందులో నేనూ ఉన్నాను.

తండ్రి గురించి ఈ పుస్తకంలో అందరికీ గుర్తుండేది పోస్టర్ల కథ: గదిలో నాన్న మార్క్స్‌ని తగిలిస్తే, అమ్మ లక్ష్మీదేవిని తగిలించింది, పిల్లాడికేమో క్రికెటర్ జయసింహ కావాలి. మా వైపు వాళ్లకి యుగంధర్ ఇంకోలా గుర్తుండాలి. ఆయన కేంద్రంలో గ్రామీణాభివృద్ధి కార్యదర్శిగా ఉన్న రోజుల్లో, 1994లో, వాటర్‌షెడ్ మార్గదర్శకాలు వచ్చాయి. హనుమంతరావు కమిటీ సిఫారసుల మీద తయారైన కాగితం అది. సుమారు 500 హెక్టార్లకు ఒక వాటర్‌షెడ్, హెక్టారుకి 4,000 రూపాయలు. కట్ట ఎక్కడ వెయ్యాలో ఊరి సంఘం తేల్చుకోవాలి, డబ్బు ఊరి కమిటీ ఖాతాలోకి రావాలి, రైతు తన వంతు కొంత పెట్టుకోవాలి. ఇంజనీరు ఆ టీములో ఉంటాడు, సలహా చెబుతాడు. ఊళ్లలో కాగితం మీదున్నంత అందంగా జరగలేదు, కాంట్రాక్టర్లు దూరారు, కట్టలు పూడిపోయాయి. అయినా ఆ పొడి భాషలో, ఒక్క సహానుభూతి మాటా అక్కర్లేకుండానే, కొత్త పద్ధతిని మోసేవాడికి నిర్ణయంలో వాటా ఉంది. కొడుకు పుస్తకంలో నాకు దొరకనిది తండ్రి కాలపు సర్కారు కాగితంలో దొరికింది.

మొన్న ఊరికెళ్లినప్పుడు ఇదంతా మా చిన్నాయనకి చెప్పాను. కదిరి పరిశోధన కేంద్రం నుంచి కె-6 శెనగవిత్తనం వచ్చిన కొత్తలో ఆయన నాలుగెకరాల్లోనూ వెయ్యలేదు. చేను మూల ఒక్క ఎకరాలో వేసి, మిగతా మూడెకరాల్లో పాత టీఎంవీ-2నే వేశాడు. రెండేళ్లు చూసుకున్నాకే మొత్తం మారాడు. డాష్‌బోర్డు గురించి విని, ‘పంట పోతే నష్టం ఎవురిది నాయినా?’ అని అడిగాడు. మాదే అన్నాను. ‘మరి ఎంత ఎయ్యాలనేది ఎవురు చెప్తారు?’ అన్నాడు.

టీము లీడుగా ఈ శుక్రవారంలోపు నేనొక షీటు నింపివ్వాలి. ఎవరి పనిలో ఎన్ని గంటలు ఏఐతో తగ్గించొచ్చో రాయడానికి అందులో ఒక కాలమ్ ఉంది. మా ఇద్దరు టెస్టర్ల పేర్లు ఎవరో ముందే టైప్ చేసి పంపారు, అంకె మాత్రం నేను వెయ్యాలి. ఇంకా వెయ్యలేదు. పొద్దున ఇంకో రిమైండరు వచ్చింది.