పాఠం 9: రాక్ ఆల్బమ్‌ల రీమిక్స్ – బేస్ గిటార్ నాదగుణంపై ఒక విమర్శ

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• బేస్ గిటార్ నాదగుణం ఏయే దశల్లో రూపొందుతుందో వివరించగలుగుతారు.
• రీమిక్స్‌కూ రీమాస్టర్‌కూ ఉన్న తేడా చెప్పగలుగుతారు.
• ఒక రీమిక్స్ మంచిచెడ్డలను ఆధారాలతో అంచనా వేయగలుగుతారు.

9.1 పరిచయం

రాక్ పాట వింటున్నప్పుడు మన చెవి ముందు గాయకుడి గొంతును, తరవాత లీడ్ గిటార్‌ను పట్టుకుంటుంది. బేస్ గిటార్‌ను చాలామంది విడిగా గుర్తించరు. అది ఆగిపోతే మాత్రం పాట బోలుగా వినిపిస్తుంది. పాత ఆల్బమ్‌లను ఇప్పుడు రీమిక్స్ చేస్తున్నప్పుడు శ్రోతలు ముందుగా చర్చించే అంశాల్లో బేస్ ఒకటి. ‘ఇన్నాళ్లకు బేస్ వినిపించింది’ అని కొందరు సంతోషిస్తారు. ‘మేము ఎరిగిన పాట ఇది కాదు’ అని మరికొందరు బాధపడతారు. ఈ రెండు మాటల్లో ఏది ఎప్పుడు న్యాయమో తేల్చడం విమర్శ పని.

రీమిక్స్ అనగానే మనకు పాత సినిమా పాటను కొత్త గొంతుతో, కొత్త దరువుతో మళ్లీ చేయడం గుర్తుకు వస్తుంది. ఇక్కడ ఆ అర్థం కాదు. నాడు రికార్డు చేసిన టేపుల్లోని వాద్యాలను, గొంతులను విడివిడిగా తీసుకొని, వాటి పాళ్లను, స్థానాలను మళ్లీ నిర్ణయించడమే ఇక్కడ రీమిక్స్. ఇప్పటికే పూర్తయిన మిక్స్‌ను అలాగే ఉంచి, దాని మొత్తం ధ్వనిని సవరించడం రీమాస్టర్. రీమాస్టర్‌లో బేస్‌ను మాత్రమే వేరు చేసి పెంచడం సాధారణంగా కుదరదు.

9.2 నాదగుణం: బరువు, స్పష్టత

నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. దానితోపాటు 82, 123 హెర్ట్జ్‌ల వంటి పై అనుస్వరాలు కూడా పుడతాయి. చిన్న రేడియో 41 హెర్ట్జ్‌ను వినిపించలేదు. అయినా అనుస్వరాలను బట్టి మన చెవి ఆ స్వరాన్ని ఊహించుకుంటుంది.

దీన్ని బట్టి రెండు లక్షణాలను వేరు చేయవచ్చు. కింది ధ్వనులు ‘బరువు’ను ఇస్తాయి. పై అనుస్వరాలు, తీగను మీటిన చప్పుడు ‘స్పష్టత’ను ఇస్తాయి. బరువు ఉన్నంత మాత్రాన స్పష్టత ఉండదు. వాద్యం, వాదకుడి వేళ్లు, మైకు, మిక్స్, చివరకు డిస్కు: ఈ దశలన్నీ ఆ రెంటినీ మారుస్తాయి. రీమిక్స్ మార్చగలిగేది వీటిలో మిక్స్ దశనే.

9.3 ఉదాహరణ 1: సార్జెంట్ పెప్పర్ (1967, 2017)

బీటిల్స్ బృందం తమ బేస్ ధ్వని అమెరికన్ రికార్డులకు దీటుగా ఉండాలని కోరుకుంది. బేస్ ఎక్కువైతే గ్రామఫోన్ ముల్లు గాడి తప్పుతుందని ఈఎంఐ సంస్థ ఇంజనీర్లు భయపడేవారు. 1966లో ‘పేపర్‌బ్యాక్ రైటర్’ కోసం ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ ఒక లౌడ్‌స్పీకర్‌నే మైకుగా వాడి బేస్‌ను రికార్డు చేశాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ ఆల్బమ్‌లో పాల్ మెకార్ట్‌నీ తన బేస్‌ను చాలా పాటల్లో చివరగా, విడి ట్రాకులో వాయించాడు. మిగిలిన వాద్యాలన్నీ ముందే విన్నాడు కనుక, అతని బేస్ వట్టి ఆధారస్వరంగా మిగలలేదు. గొంతుకు బదులు పలికే రెండో రాగంలా నడిచింది.

అప్పట్లో ఉన్నవి నాలుగు ట్రాకుల యంత్రాలు. నాలుగూ నిండితే వాటిని కలిపి మరో టేపులోకి ఎక్కించి కొత్త ట్రాకులకు చోటు చేసేవారు. అలా ఎక్కించిన ప్రతిసారీ డ్రమ్స్, గిటార్లు ఒకదానితో ఒకటి అతుక్కుపోయేవి, కొంత మసకబారేవి. 2017లో జైల్స్ మార్టిన్, సామ్ ఒకెల్ ఆ కలిపిన టేపులకు ముందున్న మూల టేపుల నుంచి స్టీరియో రీమిక్స్ చేశారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. చివరగా వాయించిన బేస్ ఈ నకళ్ల వల్ల అంతగా దెబ్బతినలేదు. దెబ్బతిన్నవి దాని పొరుగు వాద్యాలు. వాటి మసక తొలగడం వల్ల బేస్ కూడా తేటపడింది. అంటే ఈ రీమిక్స్ సాధించిన మేలు శబ్దాన్ని పెంచడం కన్నా చోటును కల్పించడంలోనే ఎక్కువగా ఉంది. ‘విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్’లో రింగో స్టార్ పాడే సాదా వరసకు బేస్ ఎలా బదులిస్తుందో ఇప్పుడు తేలికగా వినవచ్చు.

ఈ మార్పుకు చారిత్రక ఆధారం కూడా ఉంది. 1967లో బృందం శ్రద్ధ పెట్టింది మోనో మిక్స్ మీదనే. స్టీరియో మిక్స్‌ను వారు లేకుండానే త్వరగా ముగించారు. 2017 రీమిక్స్ ఆ మోనో మిక్స్‌నే మార్గదర్శిగా తీసుకుంది. అయినా లోపం లేదనలేం. ‘లూసీ ఇన్ ద స్కై’ చరణాల్లో తేలిపోతున్నట్టుండే ఆర్గన్ కింద నేటి అభిరుచికి తగిన బరువు కొంత ఎక్కువగానే పడింది. స్పష్టతకు మూల టేపులు సాక్ష్యం. ఆ అదనపు బరువుకు మన కాలమే సాక్ష్యం.

9.4 ఉదాహరణ 2: అండ్ జస్టిస్ ఫర్ ఆల్ (1988)

మెటాలికా బృందం చేసిన ఈ మెటల్ ఆల్బమ్‌లో బేస్ దాదాపు వినిపించదు. బేస్ వాదకుడు క్లిఫ్ బర్టన్ 1986లో బస్సు ప్రమాదంలో మరణించాక, ఆ స్థానంలో వచ్చిన జేసన్ న్యూస్టెడ్ ఈ బృందంతో చేసిన తొలి పూర్తి ఆల్బమ్ ఇది. బేస్‌ను తగ్గించాలన్నది బృందం కోరికేనని మిక్స్ చేసిన స్టీవ్ థాంప్సన్ తరవాత చెప్పాడు. పైగా న్యూస్టెడ్ బేస్ చాలాచోట్ల గిటార్ వరసనే అనుసరిస్తుంది. గిటార్లు ఆ చోటంతా ఆక్రమించడంతో స్పష్టత కూడా పోయింది.

2018లో ఈ ఆల్బమ్‌ను రీమాస్టర్ చేశారు కాని బేస్‌ను పైకి తేలేదు. అభిమానులు తామే బేస్‌ను పెంచిన రూపాలు ప్రచారంలో ఉన్నాయి. అవి వింటే పాటలకు నేల దొరికినట్టు ఉంటుంది. అయితే ఆ పొడి, ఎండిన ధ్వనిలోని కాఠిన్యం తగ్గుతుంది. సార్జెంట్ పెప్పర్‌లో అడ్డుపడింది యంత్రం. ఇక్కడ అడ్డుపడింది మనుషుల నిర్ణయం. ఆ నిర్ణయం న్యూస్టెడ్‌కు అన్యాయం చేసిందని విమర్శకుడు అనవచ్చు. కాని దాన్ని సాంకేతిక లోపమని కొట్టివేయలేడు. దాన్ని దిద్దితే వచ్చేది మరో ఆల్బమ్.

9.5 అంచనా

రీమిక్స్‌ను ‘బేస్ ఎంత పెరిగింది?’ అన్న ప్రశ్నతో తూచకూడదు. మూడు ప్రశ్నలు వేయాలి. నాటి మిక్స్‌లో బేస్ తగ్గడానికి కారణం పరిమితా, నిర్ణయమా? కొత్త మిక్స్ పెంచింది బరువునా, స్పష్టతనా? బేస్‌కూ గొంతుకూ, బేస్‌కూ డ్రమ్స్‌కూ ఉన్న సంబంధం తేటపడిందా, మారిపోయిందా?

కొత్త శ్రోత మొదట వినేది చాలాసార్లు కొత్త మిక్స్‌నే. పాత మిక్స్ అందుబాటులో లేకపోతే అతనికి పోలిక ఉండదు, పోలిక లేనిచోట విమర్శ సాగదు. కాబట్టి ఒక ఆల్బమ్ బేస్ గురించి రాసేటప్పుడు ఏ సంవత్సరపు మిక్స్ విన్నారో చెప్పడం తప్పనిసరి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. రీమిక్స్‌కూ రీమాస్టర్‌కూ తేడా ఏమిటి?
2. సార్జెంట్ పెప్పర్ రీమిక్స్‌లో బేస్ తేటపడటానికి పొరుగు వాద్యాలు ఎలా కారణమయ్యాయి?

9.6 సారాంశం

బేస్ నాదగుణం అనేక దశల్లో రూపొందుతుంది. రీమిక్స్ వాటిలో ఒక దశను మాత్రమే తిరిగి తెరుస్తుంది. పరిమితిని తొలగించే రీమిక్స్ పాత కృతిని దగ్గర చేస్తుంది. నిర్ణయాన్ని తిరగదోడే రీమిక్స్ కొత్త కృతిని సృష్టిస్తుంది. రెండింటికీ విలువ ఉండవచ్చు. వాటిని ఒకటిగా భావించడమే పొరపాటు.

నమూనా పరీక్ష ప్రశ్న

మీకు తెలిసిన ఏదైనా ఒక ఆల్బమ్ పాత, కొత్త మిక్స్‌లను విని, బేస్‌లోని బరువు, స్పష్టతల ఆధారంగా పోల్చి సుమారు 30 పంక్తుల్లో రాయండి.